పుస్తకం బయటికి రాకుండా ఉత్సవం చేయడం ఎలా

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఆ వారం రోజులూ లైబ్రరీల్లో పుస్తకాలకి పూర్తి విశ్రాంతి దొరుకుతుంది. రీడింగ్ హాల్లో బల్లలు పక్కకి లాగేసి స్టేజీ వేస్తారు, పొద్దున్నే పేపర్ చదువుకోడానికి వచ్చే రిటైర్డ్ మాస్టార్లని "ఉత్సవాలండీ, అయిపోయాక రండి" అని మర్యాదగా పంపించేస్తారు. మామూలు లైబ్రరీకే ఇంత ఉంటే తాళపత్రాలూ పాత ముద్రణలూ ఉన్న లైబ్రరీలో కార్యక్రమం పెట్టాలంటే ఎంత జాగ్రత్త కావాలి? దీని మీద ఎవరూ సీరియస్‌గా రాయట్లేదు కాబట్టి ఆ బాధ్యత నా మీద పడింది.

ముందు ఒక నిజం ఒప్పుకుందాం. అరుదైన పుస్తకానికి పబ్లిక్ ఫంక్షన్‌లో కూర్చునే యోగ్యత లేదు. వందేళ్ల కిందటి చవక కాగితంలో ఆమ్లం ఉంటుంది, అది కాగితాన్ని లోపల్నుంచే తినుకుంటూ వస్తుంది, పేజీ తిప్పబోతే వేయించిన అప్పడంలా మూల విరిగి చేతిలోకొస్తుంది. దాన్ని తీసుకొచ్చి పెద్దల ముందు పెడితే లైబ్రరీ పరువేం కాను? మెమెంటో అయితే డబ్బాలోంచి తీయనక్కర్లేదు, తీసినా విరగదు.

తాళపత్రం సంగతైతే మరీ ఘోరం. నేను చూసిన ఒక ఫంక్షన్ చెప్తాను, ఏ ఊరని అడక్కండి. శాలువాలన్నీ అయ్యాక లైబ్రేరియన్ మేడం ఎంతో ముచ్చటపడి ఒక కట్ట విప్పి, అందులోంచి ఒక ఆకు తీసి ముఖ్య అతిథి గారి చేతిలో పెట్టారు. ఆకు మీద ఘంటంతో, అంటే మొనదేలిన ఇనప పుల్లతో, గీసి రాస్తారు, ఇంకు ఉండదు, రాశాక దీపం మసి పూసి తుడిస్తే గీతల్లో ఆ మసి నిలబడి అక్షరం కనబడుతుంది. ఏళ్లు గడిచి మసి రాలిపోతే ఉత్త ఆకులాగే ఉంటుంది. సార్ అటు తిప్పి ఇటు తిప్పి "ఏమ్మా ఇది ఖాళీదేగా, రాసింది తెప్పించండి" అన్నారు. "రాసే ఉంది సార్, కొంచెం వాలుగా లైటుకి పట్టి చూడండి" అంది ఆవిడ. ఈలోపు ఫొటోగ్రాఫర్ "పైకి సార్, ఇంకొంచెం వంచండి సార్" అన్నాడు, సార్ వంచారు, టప్‌మంది. యాంకరమ్మ ఆ చప్పుడుని చప్పట్లనుకుని "ఇంకా గట్టిగా" అంది.

తప్పెవరిది? ఆకుదే. వంగడం రాని వస్తువు స్టేజీ ఎక్కకూడదు.

అలాంటి ఆకు కాస్త మెత్తబడి వంగడానికీ, పురుగు పట్టకుండా ఉండడానికీ నిమ్మగడ్డి నూనె రాస్తారు. అక్కడ ఆ నూనె సీసా కొనమని పెట్టిన ఇండెంట్ కాగితం మీద ఏదో క్వరీ పడి ఆగిపోయిందిట, శాలువాల బిల్లు మాత్రం చక్కగా పాసైంది. ఇందులో ఆశ్చర్యపోడానికేం లేదు, శాలువా కప్పితే ఫొటో వస్తుంది, ఆకుకి నూనె రాస్తే ఏం ఫొటో వస్తుంది చెప్పండి. జ్యోతి ప్రజ్వలన గురించి కూడా కొందరు గొణుగుతుంటారు, తాళపత్రాల బీరువాకి రెండు బారల దూరంలో అయిదు వత్తులు వెలిగిస్తారా అని. జ్ఞానజ్యోతి అన్నాక కొంచెం వేడి ఉండదా?

డబ్బుల్లేవనే మాట కూడా తప్పే. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం, మున్సిపాలిటీలూ పంచాయతీలూ వసూలు చేస్తూనే ఉన్నాయి, చాలాచోట్ల అది గ్రంథాలయ సంస్థకి చేరకుండా బకాయిగా భద్రంగా ఉంటోంది. మన రాష్ట్రాల్లో ఇంత పకడ్బందీగా భద్రపరిచిన అరుదైన వస్తువు ఇంకోటి లేదు.

వెనకటి వాళ్లకి ఈ తెలివి లేదు పాపం. సీపీ బ్రౌన్ దొర కడపలో సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, ఎక్కడెక్కడి ప్రతులో తెప్పించి, పాఠాలు పోల్చి చూసి, శుభ్రంగా తిరగరాయించుకున్నాడు. 1935లో గ్రంథాలయోద్యమం నడిపిన పాతూరి నాగభూషణం గారి వాళ్లు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలేసుకుని ఊరూరా తిప్పారు. పడవలో స్టేజీకి చోటుండదు, వక్తలంతా ఒకవైపు నిలబడితే ఒరిగిపోతుంది, అందుకని గతిలేక పుస్తకాలే జనానికిచ్చి వచ్చేశారు. వేటపాలెంలో సారస్వత నికేతనం అనే లైబ్రరీ భవనానికి 1929లో గాంధీ గారు శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడుంది. దానికి ఫ్లెక్సీ ఎవరు వేయించారో మాత్రం చరిత్రలో ఎక్కడా లేదు.

ఈమధ్య ఒక రీసెర్చ్ కుర్రాడు ప్రమాదకరమైన సలహా ఇచ్చాడు. స్టేజీ వద్దు, దీపం వద్దు, ఇరవై మందిని పిలుద్దాం, బల్ల మీద నూలుగుడ్డ పరిచి ఒక్క కట్ట విప్పుదాం, పాత లిపి వచ్చిన పెద్దాయన ఒకరు చదివి చెప్తారు, పిల్లలకి కొత్త ఆకులూ ఘంటాలూ ఇచ్చి వాళ్ల పేర్లు గీయించి మసి పూయిద్దాం, తుడవగానే పేరు పైకి తేలుతుంటే వాళ్ల మొహాలు చూడండి సార్ అంటాడు. చూశాం బాబూ, మసి చేతులతో గోడలు కూడా చూస్తాం. సరే గోడలు పోనీ, అసలు గండం తర్వాతుంది. ఇలా చేస్తే జనానికి రుచి తగులుతుంది, వచ్చే ఆదివారం ఇంకో కట్ట విప్పమంటారు, వాళ్లలో ఒకరు "మా తాతగారి అటక మీద ఇలాంటివే సంచెడున్నాయి, తెచ్చిస్తా" అంటారు. నిజంగా తెస్తారు కూడా. తెస్తే దుమ్ము దులపాలి, ఏ గ్రంథమో తేల్చాలి, కేటలాగ్ రాయాలి, దానికి లిపి తెలిసిన మనిషి కావాలి, ఆ పోస్టులో ఉన్నాయన రిటైరై పోయాడు, ఆ కుర్చీలో ఇప్పుడు పాత బేనర్లు ఉన్నాయి. ఇరవై మందిని పిలిచిన పాపానికి పోస్టు భర్తీ చేయాల్సి వస్తే ఎవరు జవాబుదారీ?

డిజిటైజ్ చేశాం కదా అంటారేమో, చేశారు. ఆ హార్డ్ డిస్కు కూడా అదే బీరువాలో ఉంది, తాళం లీవులో ఉంది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది, కమిటీ వారు వచ్చే వారోత్సవాల్లోపు పరిశీలించాలి. ఒక తాళపత్రాన్ని ఫొటో తీయించి మూడడుగుల ఫ్లెక్సీ కొట్టించండి. అక్షరాలు నల్లగా కొట్టొచ్చినట్టు కనబడతాయి, ఎంత వంచినా టప్‌మనదు, అవసరమైతే దాన్నే శాలువాగా కూడా కప్పొచ్చు. ప్రింటింగ్ షాపు కుర్రాడు పొరపాటున అద్దంలో బొమ్మలా తిప్పి కొట్టినా స్టేజీ మీద పట్టుకునేవాళ్లు ఎవరూ ఎటూ చదవరు కాబట్టి ప్రూఫులు చూసే ఖర్చు కూడా కలిసొస్తుంది.