సరుకుకే సరిహద్దు, ప్లాట్‌ఫాంకు లేదు

డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో బయటికొచ్చింది. పెద్ద ఆన్‌లైన్ ప్లాట్‌ఫాంలను తప్పు జరగకముందే కట్టడి చేయడం దీని ఉద్దేశం. స్టార్టప్‌లకూ విదేశీ దిగ్గజాలకూ మధ్య పంచాయితీ అన్నట్టు ఢిల్లీలో మాట్లాడుకుంటున్నారు గానీ, ఈ చట్టం ఎక్కువగా కావాల్సింది ఒడిశాలోని బరంపురం లాంటి ఊళ్ల చిన్న వ్యాపారికి.

ఇప్పుడున్న 2002 పోటీ చట్టం ఇల్లు కాలాక బావి తవ్వే రకం. సెక్షన్ 4 కింద ముందు ‘సంబంధిత మార్కెట్’ (ఏ సరుకులో, ఏ ప్రాంతంలో పోటీ అన్నది) ఏదో తేల్చాలి, అందులో ఆధిపత్యం నిరూపించాలి, ఆపైన దుర్వినియోగం చూపాలి. గూగుల్ సెర్చ్‌పై 2012లో వెళ్లిన ఫిర్యాదుకు 135.86 కోట్ల జరిమానా పడేసరికి 2018 వచ్చింది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై సీసీఐ (పోటీ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్) 2020 జనవరిలో దర్యాప్తుకు ఆదేశిస్తే మరుసటి నెలే కర్ణాటక హైకోర్టు స్టే ఇచ్చింది. అప్పు చేసి పట్టు కొనే నేతగాడు అన్నేళ్లు ఆగగలడా?

బరంపురం పట్టుచీరలు ఆన్‌లైన్‌లో పెట్టిన వ్యాపారికి తన ఆర్డర్లు, తన రిటర్నులే కనిపిస్తాయి. ప్లాట్‌ఫాంకు అందరివీ కనిపిస్తాయి: ఏ పిన్‌కోడ్‌లో ఏ రంగు వెతుకుతున్నారు, ఏ ధర దగ్గర కార్ట్‌లో పెట్టి వదిలేస్తున్నారు, ఏ అంచు చీరలు వెనక్కొస్తున్నాయి. ఆ లెక్కలు పట్టుకుని ప్లాట్‌ఫాం సొంత లేబుల్‌తో దిగినా, తనవాళ్లను పై వరుసలో కూర్చోబెట్టినా ఇతనికి తెలిసే దారి లేదు. మడత చెదిరి తిరిగొచ్చిన పట్టుచీరను కొత్తదని అమ్మలేడు, ఆ నష్టం అతని నెత్తినే. పోనీ కొన్నవాళ్లను నేరుగా కొట్టుకు రప్పించుకుందామంటే, పార్సెల్‌లో విజిటింగ్ కార్డు పెట్టడం చాలా ప్లాట్‌ఫాంల నిబంధనల్లో తప్పు. వ్యాపారి డేటాతో వ్యాపారికే పోటీ రావడం, సొంతవాళ్లకు పెద్దపీట వేయడం, కొనుగోలుదారు బయటికి పోకుండా కట్టడి చేయడం: మూడింటినీ ముసాయిదా ముందే నిషేధిస్తోంది. ఆధిపత్యం నిరూపించే తంటా ఉండదు.

మన స్టార్టప్‌లే నలిగిపోతాయన్నది అవతలి వాదన. కానీ ఈ చట్టం ఒక కంపెనీకి వర్తించాలంటే దేశంలో 4,000 కోట్ల టర్నోవర్ లేదా ప్లాట్‌ఫాంపై జరిగే మొత్తం అమ్మకాల విలువ 16,000 కోట్లు వంటి ఆర్థిక పరిమితి వరుసగా మూడేళ్లు దాటాలి. దానికి తోడు కోటి మంది వినియోగదారులో, పదివేల మంది వ్యాపారులో ఉండాలి. అంత ఎదిగాక స్టార్టప్ అనడం మొహమాటమే. పరిమితి దాటకున్నా సీసీఐ ఎవరినైనా ఈ చట్టం కిందికి తేవచ్చన్న వీలును మాత్రం బిగించాలి.

అయితే పోటీ చట్టం ఎంత బాగున్నా పోటీలో దిగనివ్వాలి కదా! జీఎస్టీ నంబరు లేని చిన్న వ్యాపారులూ ఈ-కామర్స్‌లో సరుకు అమ్ముకోవచ్చని 2023 అక్టోబర్ 1 నుంచి సడలింపు ఇచ్చారు. అందులో ఒక షరతు, సరుకు రాష్ట్రం దాటకూడదు. బరంపురంలో ఊరగాయలు పట్టే ఇల్లాలు కటక్‌కు అమ్మవచ్చు, పాతిక కిలోమీటర్ల దూరంలో, ఆంధ్రలో ఉన్న ఇచ్ఛాపురానికి అమ్మకూడదు. ఆ రుచి తెలిసిన చుట్టాలంతా అటువైపే ఉన్నారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పడిన గీత ఇప్పుడు ఆవకాయ జాడీకి అడ్డం పడుతోంది. ప్లాట్‌ఫాం మాత్రం రెండువైపులా కమీషన్ వసూలు చేస్తుంది. బిల్లుతో పాటే ఈ షరతూ పోవాలి.

ఈలోపు చేనేత సహకార సంఘాలు ఊరుకోకూడదు. పోటీ చట్టానికి 2023లో వచ్చిన సవరణ సీసీఐకి ఫిర్యాదు చేయడానికి మూడేళ్ల గడువు పెట్టింది. కమీషన్ పెంచిన మెయిళ్లు, సెటిల్‌మెంట్ రిపోర్టులు, రిటర్న్ కోతలు, సెర్చ్‌లో సరుకు కిందికి జారిన స్క్రీన్‌షాట్లు తేదీలతో సహా దాచాలి. ఖాతా నడుస్తుండగానే డౌన్‌లోడ్ చేసుకోవాలి, లాక్ చేశాక చేతికి రావు. సీసీఐలో సహకార సంఘానికి ఫిర్యాదు ఫీజు 5,000 రూపాయలు.