‘కాసేపు చూద్దాం’ అన్న ఆ కాసేపు

ఆయాసంతో కూర్చున్న మనిషిని ఎలా ఉందని అడిగితే ‘పర్లేదు’ అంటారు. పెద్దవాళ్లైతే మరీను. అర్ధరాత్రి ఇంటిల్లిపాదినీ లేపడం ఇష్టం ఉండదు, ఆసుపత్రంటే భయం, పొద్దున్నే చూద్దాంలే అని చేత్తో సైగ చేసి ఊరుకుంటారు. ఆ మాట నమ్మకండి, ఆ మాట ఎలా వచ్చిందో వినండి. ‘నాకేం కాలేదు, మీరెళ్లి పడుకోండి’ అని ఒక్క ఊపిరిలో అనేస్తే సంగతి వేరు. ‘నాకేం...’ అని ఆగి, గాలి లాక్కుని, ‘కాలేదు...’ అని మళ్లీ ఆగి, మంచం అంచున రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి, ప్రతి ఊపిరికీ భుజాలు పైకి లేస్తూ, మెడ నరాలు తేలుతూ ఆ రెండు ముక్కలూ అన్నారంటే ఇక ఇంట్లో చర్చలు అనవసరం, అంబులెన్స్‌కు ఫోన్ చేయాల్సిందే.

ఇది డాక్టర్లు చెప్పాల్సింది కదా, పత్రిక రాయడమేంటని కొందరికి అనిపించొచ్చు. నిజమే. కానీ డాక్టరు దగ్గరికి వెళ్లాలా వద్దా అని తేల్చేది డాక్టరు కాదు, ఆ సమయానికి ఇంట్లో ఉన్న కొడుకో కోడలో, తలుపు తట్టి పిలిస్తే వచ్చిన పక్కింటాయనో. వైద్యం ఎంత పెరిగినా ఈ మొదటి నిర్ణయం మాత్రం వైద్యం తెలియనివాళ్ల చేతుల్లోనే ఉంది. వాళ్లు తీసుకునే నిర్ణయం చాలాసార్లు ఒకటే: ‘కాసేపు చూద్దాం.’ మా అభ్యంతరం ఆ కాసేపు మీదే.

ఆయాసమల్లా ప్రమాదమని మేం అనడం లేదు. నాలుగంతస్తులు ఎక్కి రొప్పి, కాసేపు కూర్చోగానే సర్దుకుంటే కంగారుపడేదేం లేదు. నెలల తరబడి మెల్లగా పెరుగుతున్న ఆయాసానికి రక్తహీనతో, గుండెదో ఊపిరితిత్తులదో సమస్యో, బరువో కారణం కావచ్చు, దానికి ఈ వారంలోనే డాక్టర్ని కలవాలి తప్ప అర్ధరాత్రి పరుగు అక్కర్లేదు. పరుగు పెట్టాల్సింది ఏ పనీ చేయకుండా కూర్చున్నప్పుడు కూడా ఊపిరి అందకపోతే, లేదా ఉన్నట్టుండి నిమిషాల్లో మొదలైతే. నిన్నటిదాకా బాగానే తిరిగిన మనిషి ఈరోజు బాత్రూమ్ దాకా నడిచి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డా అంతే.

ఉన్నట్టుండి వచ్చే ఆయాసం వెనుక ఉండేవి చాలావరకు తాత్సారానికి లొంగని జబ్బులే. ఈమధ్యే ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నవాళ్లకు, బాలింతలకు, గంటల తరబడి కదలకుండా ప్రయాణం చేసి వచ్చినవాళ్లకు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే అది ముందస్తు హెచ్చరిక, దాని వెంట ఆయాసం వచ్చిందా, క్షణం ఆగొద్దు. ఏదో తిన్నాకో, మందు వేసుకున్నాకో, తేనెటీగ కుట్టాకో ఒళ్లంతా దద్దుర్లు లేచి, నాలుకో పెదవులో వాచి, గొంతు బిగుసుకుంటుంటే అది తీవ్రమైన అలర్జీ. దానికి తొడ కండరంలో వెంటనే ఇవ్వాల్సిన అడ్రినలిన్ ఇంజెక్షనే మందు, దురద మాత్ర మింగి కూర్చుంటే సరిపోదు. ఒకవైపు ఛాతీలో కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చి ఊపిరి అందకపోతే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోయి ఉండొచ్చు, సన్నగా పొడుగ్గా ఉండే కుర్రాళ్లలోనూ ఇది వస్తుంది కాబట్టి వయసు చూసి ధైర్యపడొద్దు.

ఇక మాకు నిజంగా కోపం తెప్పించే మాట ‘గ్యాస్’. గుండెపోటంటే ఛాతీ పట్టుకుని కుప్పకూలడమే అని మన బుర్రల్లో పడిపోయింది. ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, వయసు మీదపడినవాళ్లకు ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. వట్టి ఆయాసం, చల్లటి చెమటలు, వికారం, చెప్పలేనంత నీరసం, అంతే. గ్యాసేలే అని ఇంట్లో ఉన్న ఏదో మందు తాగించి పడుకోబెడతారు. ఆడమనిషైతే ‘టెన్షన్ పడకు’ అన్న సలహా కూడా దొరుకుతుంది, ఇది ఇంట్లోవాళ్లే కాదు, ఒక్కోసారి ఆసుపత్రిలోనూ అంటారు. ఈసీజీ తీసి, అవసరమైతే రక్తపరీక్ష చేసి, గుండె కాదని తేల్చుకున్నాక గ్యాస్ అనండి, అప్పటిదాకా ఆ పేరు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే హాయి అంటే అది గుండె నీరసించి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న లక్షణం కావచ్చు. దీన్ని పట్టుకోవడానికి దిండ్లు లెక్కపెడితే చాలు. మొన్నటిదాకా ఒక్క దిండుతో పడుకున్న మనిషి ఇప్పుడు మూడు వేసుకుంటున్నారా, నిద్రలో ఉక్కిరిబిక్కిరై లేచి కిటికీ దగ్గరికి వెళ్తున్నారా, పాదాలు వాస్తున్నాయా, అయితే రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. దగ్గితే గులాబీ రంగు నురగ పడుతుంటే రేపటిదాకా కూడా ఆగొద్దు.

చాలా ఇళ్లలో ఇప్పుడు వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ ఉంది. ఈ పద్ధతి వెనుక ఉన్న ఆలోచన జపాన్ ఇంజనీరు టకువో అయోయగిది, 1970ల నాటిది, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. దాని మీద మాకు గౌరవమే, దాన్ని చూసి వచ్చే నిశ్చింత మీదే అనుమానం. మామూలుగా 95 నుంచి 100 మధ్య చూపాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు 92, అంతకంటే తక్కువ చూపిస్తే, ఊపిరితిత్తుల జబ్బు ఉండి ఇంతకంటే తక్కువే తమకు మామూలని డాక్టరు చెప్పినవాళ్లు తప్ప, మిగతావాళ్లు బాగానే ఉన్నట్టనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కోవిడ్ రోజుల్లో ఫోన్‌లో మాట్లాడుతూ కూర్చున్నవాళ్లలోనూ ఆక్సిజన్ పడిపోయి ఉండటం చూశాం కదా. రెండో వైపు మాత్రం ఎవరికీ పెద్దగా పట్టదు. తీవ్రమైన ఉబ్బసంలో మనిషి శక్తినంతా పెట్టి ఊపిరి లాగుతూ అంకెను 96 దగ్గర నిలబెట్టగలడు, ఆ శక్తి అయిపోయాక అంకె ఒక్కసారిగా జారుతుంది. మూసిన గదిలో బొగ్గుల పొగ పీల్చినవాళ్ల రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ నిండిపోయినా ఈ పరికరం అంతా బాగుందనే చెబుతుంది. చేతులు చల్లబడినా, గోళ్లకు రంగున్నా లెక్క తప్పుతుంది, చర్మం నల్లగా ఉన్నవాళ్లలో అసలున్నదాని కంటే ఎక్కువ చూపించొచ్చు. అంకె పడిపోయినా వెళ్లండి, అంకె బాగుండి మనిషి బాగోకపోయినా వెళ్లండి.

దానికంటే నమ్మకమైనది గోడ గడియారం. పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి, లెక్కపెడుతున్నామని చెప్పకుండా, చెబితే తెలియకుండానే మార్చేస్తారు. పెద్దవాళ్లకు విశ్రాంతిలో 12 నుంచి 20 మామూలు. 25 దాటితే ఆందోళన పడాల్సిందే, 30కి చేరితే ఇంట్లో ఉంచే దశ దాటిపోయింది. పసిపిల్లలకు లెక్క వేరు: రెండు నెలలలోపు వాళ్లకు 60, ఏడాదిలోపు 50, ఆ పైన అయిదేళ్ల దాకా 40, ఈ అంకెలకు చేరితే వేగంగా పీలుస్తున్నట్టు. పిల్లల్ని చొక్కా ఎత్తి చూడాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతోందా, డొక్కలెగరేస్తున్నారా, ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయా, ఊపిరి వదిలేటప్పుడు మూలుగుతున్నారా, పాలు తాగలేక వదిలేస్తున్నారా, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చాలు.

రంగు మారిందేమో చూసేటప్పుడు మొహం చూసి లాభం లేదు, చామనఛాయ ఒంటి మీద నీలం తేలదు. నాలుక చూడండి, పెదవి లోపలి వైపు చూడండి. నీలంగానో బూడిద రంగులోనో ఉంటే ఆలస్యమైందనే అర్థం.

ఉబ్బసం ఉన్న ఇళ్లలో మరో పొరపాటు జరుగుతుంటుంది. సాయంత్రం నుంచి పిల్లికూతలు, ఎగశ్వాస. తెల్లవారుజామున కూతలు ఆగిపోయి మనిషి మగతగా పడుకుంటే హమ్మయ్య, తగ్గిందని దుప్పటి కప్పుతారు. మాట స్పష్టంగా ఉండి, ఊపిరి నెమ్మదించి నిద్రపోతే అది తగ్గడమే. పిలిస్తే సరిగ్గా పలకకుండా, తికమకగా మాట్లాడుతూ, ఛాతీ కదలిక తగ్గి నిశ్శబ్దమైపోతే కూత వినిపించడానికి కూడా గాలి ఆడటం లేదని, కండరాలు అలసి చేతులెత్తేశాయని. అంతకంటే అత్యవసరం ఇంకొకటి ఉండదు. షుగర్ ఉన్న మనిషి వాంతులతో నీరసించి, లోతుగా వేగంగా ఊపిరి తీస్తుంటే అదీ మగతలోకి జారకముందే చూపించాల్సిందే.

మరి వట్టి ఆందోళనతో వచ్చే ఆయాసం లేదా? ఉంది. గుండె దడ, పెదవుల చుట్టూ వేళ్ల చివర్లలో తిమ్మిరి, చచ్చిపోతామన్న భయం, కాసేపటికి తగ్గడం. అంతకుముందు డాక్టరు చూసి అదేనని చెప్పినవాళ్లకు, ఈసారీ అచ్చం అలాగే వస్తే, పక్కన కూర్చుని ధైర్యం చెప్పొచ్చు. మొదటిసారి వచ్చిందాన్ని ఇంట్లోనే ఆందోళన అనేయకండి. కాగితం సంచిలో ఊపిరి తీయించే పాత చిట్కా మాత్రం వద్దు. జబ్బు వేరే ఏదైనా అయితే ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ మనమే తగ్గించినట్టవుతుంది.

ఇక ఆసుపత్రులవాళ్లకు ఒక మాట. ఊపిరి అందని మనిషిని వరుసలో నిలబెట్టి పేరు, వయసు, చిరునామా అడగడం ఆపండి. ముందు కూర్చోబెట్టండి, ఆక్సిజన్ చూడండి, కాగితాలు పక్కనున్నవాళ్లతో రాయించుకోండి. ఒకసారి వెళ్లి ‘ఏం లేదు, ఊరికే వచ్చారు’ అని విసుక్కుంటే విని వచ్చిన కుటుంబం రెండోసారి రాదు, లేదా ఆలస్యంగా వస్తుంది. పరీక్షలన్నీ బాగున్నాయని పంపించేయడం కూడా వైద్యమే, విసుగు లేకుండా పంపండి.

అంబులెన్స్‌కు ఫోన్ చేశాక చేయాల్సింది కొంచెమే. పడుకోబెట్టకండి, దిండ్లు ఆనించి కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, తినడానికీ తాగడానికీ ఏమీ పెట్టకండి. ఉబ్బసమని తెలిసి నీలం రంగు ఇన్‌హేలర్ ఉంటే స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) నిమిషానికో అర నిమిషానికో ఒక్కో పఫ్ చొప్పున 10 దాకా ఇవ్వొచ్చు. రోగిని స్వయంగా బండి నడుపుకుంటూ వెళ్లనివ్వకండి. వాడుతున్న మందులన్నీ ఒక కవర్లో వేసి, ఆయాసం ఎన్నింటికి మొదలైందో ఆ కవర్ మీద రాసిపెట్టండి. తలుపు గడియ తీసి, వాకిట్లో లైటు వేసి, ఒకరు బయట నిలబడండి.