పాలంపూర్ పాఠం, పాలమూరు పిల్లలు

‘ఒకే దేశం – ఒకే సిలబస్’ నినాదం మళ్లీ చక్కర్లు కొడుతోంది. ఒకే పన్ను, ఒకే రేషన్ కార్డు, ఒకేసారి ఎన్నికలు... ఆ వరుసలో ఇది కూడా వినడానికి ఇంపుగానే ఉంటుంది. ఇలాంటి పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2020లోనే తోసిపుచ్చింది. ఢిల్లీ హైకోర్టుకు మరొకటి వెళ్తే 2024లో సీబీఎస్‌ఈయే అఫిడవిట్ వేసింది. దేశమంతటికీ ఒకే బోర్డు, ఒకే సిలబస్ అంటే స్థానిక పరిస్థితులు, సంస్కృతి, భాష లెక్కలోకి రావని చెప్పింది. ఎవరి చేతికి పెత్తనం అప్పగిస్తామంటున్నారో ఆ సంస్థే వద్దంటుంటే, మన టీవీ చర్చల్లోనూ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లోనూ మాత్రం ఇది ఎప్పుడో జరగాల్సిన మంచి పనిలా చలామణి అవుతోంది. ఇది మంచి పని కాదు. జరగకూడదు కూడా.

కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు రాసే ఎన్‌సీఈఆర్‌టీ పాత తొమ్మిదో తరగతి అర్థశాస్త్రం తీయండి. 2006లో వచ్చిన ఆ పుస్తకంలో మొదటి పాఠం పాలంపూర్ అనే ఊరి కథ. ఊహించి రాసిన ఊరు. 450 కుటుంబాలుంటాయి. ఖరీఫ్‌లో పశువుల మేతకు జొన్న, సజ్జ వేస్తారు. ఆ తర్వాత బంగాళాదుంప, రబీలో గోధుమ. కొంత పొలంలో చెరకు వేసి, బెల్లం వండి పక్కనున్న షాపూర్‌లో అమ్ముతారు. ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాలో ఒక ఊరి మీద జరిగిన అధ్యయనం ఈ పాఠానికి ఆధారమని పుస్తకమే చెప్పుకుంది. పాఠం బాగుంటుంది. భూమి, శ్రమ, పెట్టుబడి అంటే ఏమిటో పిల్లలకు పట్టుబడేలా రాశారు. బులంద్‌షహర్ పిల్లాడికి ఇంతకంటే మంచి పాఠం ఉండదు.

అదే పాఠాన్ని అమలాపురం పక్క ఊళ్లో చదివే పిల్ల సంగతి చూడండి. ఆ పిల్ల గోధుమ చేను చూసి ఉండదు. ఇంటి చుట్టూ ఉన్నది వరి, కొబ్బరి. నాన్న కౌలు రైతు అయితే ఎకరాకు ఎన్ని బస్తాలు ఇవ్వాలో రాత్రి భోజనాల దగ్గర రోజూ వింటుంది. తుపానుకు పంట పోతే పరిహారం ఎవరి ఖాతాలో పడుతుందో, కౌలు గుర్తింపు కార్డుకు భూయజమాని ఎందుకు సంతకం పెట్టనంటాడో ఆ పిల్లకు చాలామంది అధికారుల కంటే బాగా తెలుసు. అది కూడా అర్థశాస్త్రమే. అసలు అర్థశాస్త్రం అదే. పాలమూరులో అయితే వలస పనికి మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు, ఎండిన బోరు, బొంబాయి బస్సు. ఇవేవీ పుస్తకంలో ఉండవు కాబట్టి పిల్లలు పాలంపూర్‌లో ఎన్ని కుటుంబాలున్నాయో బట్టీ కొట్టి రెండు మార్కులు తెచ్చుకుంటారు. ఇంట్లో ఉన్నది చదువు కాదని, చదువంటే ఎక్కడో దూరాన ఉండేదని ఆ రెండు మార్కులతోనే నేర్చుకుంటారు.

మన వీరులకు ఎన్ని పేజీలు ఇచ్చారని లెక్కలు తీసే బాపతు వాదన కాదు నాది. ఆ లెక్క తీసినా ఫలితం తెలిసిందే. ఎన్‌సీఈఆర్‌టీ పాత ఏడో తరగతి చరిత్రలో రుద్రమదేవి కనిపించేది రజియా సుల్తానా గురించిన పేజీలో, ఒక పక్క గడిలో, ఒకటి రెండు వాక్యాల్లో. శాసనాల్లో పేరు మార్చుకుని మగవాడిలా చలామణి అయిందని అక్కడి మాట. అంతే, పక్క వాక్యంలో కశ్మీర్ రాణి దిద్దా వచ్చేస్తుంది. అల్లూరి సీతారామరాజుకు పదో తరగతిలో కాస్త చోటిచ్చారు, అది ఒప్పుకోవాలి. దేశమంతటికీ ఒక్కటే పుస్తకం రాసేవాడు ఎవరైనా ఇంతకంటే ఎక్కువ ఇవ్వలేడు. ఇన్ని రాష్ట్రాలను రెండొందల పేజీల్లో సర్దాలంటే ఎవరికైనా ఒకటి రెండు వాక్యాలే దక్కుతాయి. అందుకే రాష్ట్రానికో పుస్తకం ఉండాలనేది.

కానీ ఆ రాష్ట్రం పుస్తకం ఏం చేసింది? ఇక్కడ నాకు కోపం ఢిల్లీ మీద కంటే మన మీదే ఎక్కువ. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో తయారై, విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్లపాటు నడిచిన పదో తరగతి సాంఘికశాస్త్రంలో ‘రాంపూర్’ అనే ఊరి పాఠం ఉంది. ఎక్కడిదా రాంపూర్? పశ్చిమ ఉత్తరప్రదేశ్. గంగా మైదానం. గోదావరి డెల్టా, రాయలసీమ, పాలమూరు అన్నీ చేతిలో ఉండగా మన రాష్ట్ర పుస్తకం ఊరిని బులంద్‌షహర్ వైపు నుంచే అరువు తెచ్చుకుంది. రాష్ట్రానికి స్వేచ్ఛ ఉన్నా వాడుకోకపోతే ఇలాగే ఉంటుంది. ఆ స్వేచ్ఛను కూడా వదిలేసుకుందామని ఇప్పుడు చెబుతున్నారు.

పుస్తకం ఒక్కటే అయితే కలం కూడా ఒక్కటే. ఆ కలం పట్టుకున్నవాళ్లకు ఒకరోజు ఏదో పేజీ నచ్చకపోతే దేశమంతటా ఆ పేజీ ఒకేసారి పోతుంది. కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గిస్తున్నామంటూ ఎన్‌సీఈఆర్‌టీ చేసిన కోతలు గుర్తున్నాయి కదా. పదో తరగతి సైన్సులో జీవపరిణామం పాఠం ఎత్తేశారు. మూలకాల ఆవర్తన పట్టిక ఎత్తేశారు. పన్నెండో తరగతి చరిత్రలో మొఘల్ దర్బారుల అధ్యాయం ఎత్తేశారు. ఆవర్తన పట్టిక పదకొండులో వస్తుంది కదా అని సమాధానం చెప్పారు. పదితో చదువు ఆపేసేవాళ్ల మాటేమిటి? వాళ్లు డార్విన్ పేరు వినకుండానే బడి దాటేస్తారు. అప్పుడు కేరళ ఏం చేసిందో చూడాలి. 2023లో తొలగించిన భాగాలతో ప్లస్ వన్, ప్లస్ టూ పిల్లలకు అదనపు పుస్తకాలు అచ్చువేసి ఇచ్చింది. కేరళ రాజకీయం మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. అలా అచ్చువేసే హక్కు ఆ రాష్ట్రానికి మిగిలి ఉందన్నదే విషయం. రేపు ఢిల్లీలో ప్రభుత్వం మారి, ఇప్పుడు చప్పట్లు కొడుతున్నవాళ్లకు నచ్చని కోతలు మొదలైతే వాళ్లకు కూడా ఏదో ఒక రాష్ట్రం పుస్తకమే దిక్కు.

అవతలివాళ్ల వాదనలో బలం లేదని అనను. బదిలీల మీద తిరిగే ఉద్యోగుల పిల్లలు, వలస కూలీల పిల్లలు రాష్ట్రం మారగానే తికమక పడతారు. జాతీయ పరీక్షల్లో రాష్ట్ర బోర్డు పిల్లలు వెనకబడతారన్న భయమూ ఉంది. బదిలీల కోసమే 1963 నుంచి కేంద్రీయ విద్యాలయాలు నడుస్తున్నాయి. వలస కూలీ పిల్లకు అడ్డుపడేది సిలబస్ కంటే ముందు భాష, ఆ తర్వాత అసలు బడిలో పేరు రాయించుకోవడమే. సైన్సు, లెక్కలు ఇప్పటికే చాలావరకు అన్నిచోట్లా ఒకటే. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ మొదటి సంవత్సరానికి 2025-26 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ బాటలోనే పుస్తకాలు వచ్చాయి. న్యూటన్ సూత్రాలు తెనాలిలో ఒకలా, పాట్నాలో ఇంకోలా ఎవరూ చెప్పడం లేదు. ఇంకా కలపాల్సి మిగిలింది చరిత్ర, సమాజం, భాష. సరిగ్గా కలపకూడనివి అవే.

బోర్డు మారిస్తే చదువు మారుతుందనే భ్రమకు మన దగ్గరే ఒక ప్రయోగం జరిగింది. గత వైసీపీ ప్రభుత్వం వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్‌ఈకి మార్చింది. 2024లో వచ్చిన కూటమి ప్రభుత్వం వాటిని రాష్ట్ర బోర్డుకు తిప్పింది. ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అనే గొడవలోకి నేను పోను. బోర్డు పేరు రెండుసార్లు మారినా అదే టీచరు, అదే తరగతి గది, సగంలో ఆగిన అదే ల్యాబ్. పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని పల్లె పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వే 2024 నివేదిక చెప్పింది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాడే ఉత్తరాది రాష్ట్రాలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి.

ఇంతకీ ఈ నినాదం వల్ల ఎవరికి లాభం? కోచింగ్ వ్యాపారానికి. ఆరో తరగతి నుంచే ‘ఐఐటీ ఫౌండేషన్’ అంటూ పిల్లల్ని బిగించే మన కార్పొరేట్ బడులకు వెళ్లి చూడండి. ప్రభుత్వ పాఠ్యపుస్తకం అట్ట కూడా విప్పకుండా సంచి అడుగున ఉంటుంది. నడిచేదంతా సొంత మెటీరియల్, వీకెండ్ టెస్టులు, ర్యాంకుల షీట్లు. రాష్ట్రానికో సిలబస్ ఉంటే రాష్ట్రానికో మెటీరియల్ రాయించాలి. ఒక్కటే అయితే విజయవాడలో అచ్చేసిందే జైపూర్‌లోనూ అమ్ముకోవచ్చు. నీట్ దారి చూపించింది, సిలబస్ దాని వెనకే నడుస్తోంది.

ఒక్కటే పరీక్ష అయితే ఏమవుతుందో కూడా చూశాం. 2016లో తెలంగాణలో ఎంసెట్-2 పేపర్ లీకైతే పరీక్ష రద్దుచేసి ఎంసెట్-3 పెట్టారు. మన పిల్లలు నరకం చూశారు, నిజమే. కానీ ఆ నష్టం ఒక రాష్ట్రంతో ఆగింది. 2024లో నీట్ పేపర్ బయటికొచ్చింది బిహార్, జార్ఖండ్‌లలో. టెన్షన్ పడింది దేశవ్యాప్తంగా పరీక్ష రాసిన దాదాపు 24 లక్షల మంది. మొదట 67 మందికి 720కి 720 వచ్చాయన్నారు, తర్వాత 17 మందికేనన్నారు. ఈలోగా కర్నూలులోనో కరీంనగర్‌లోనో ఉన్న పిల్ల తన ర్యాంకు ఉంటుందో పోతుందో తెలియక సుప్రీంకోర్టు వార్తల కోసం ఫోన్ పట్టుకుని కూర్చుంది.

విద్య మొదట రాష్ట్రాల జాబితాలోనే ఉండేది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో, 42వ సవరణతో ఉమ్మడి జాబితాకు వెళ్లింది. అప్పుడు అడిగినవాడు లేడు. ఇప్పుడు పని డబ్బుతో నడుస్తోంది. ఎంపిక చేసిన బడులను బాగుచేసే కేంద్ర పథకం ‘పీఎం శ్రీ’ ఒప్పందం మీద సంతకం పెట్టనందుకు తమిళనాడుకు బడి చదువుల కోసం కేంద్రం నుంచి రావాల్సిన సమగ్ర శిక్ష నిధులు రెండు వేల కోట్లకు పైగా ఆగిపోయాయి. ఆ రాష్ట్రం కోర్టుకెక్కింది, 2025లో సొంత విద్యా విధానాన్ని ప్రకటించుకుంది. మన రెండు రాష్ట్రాలూ ఎప్పుడో సంతకం పెట్టేశాయి. నాలుగు బడుల రంగులకు, ల్యాబులకు డబ్బొస్తుందని తప్ప, కొత్త జాతీయ విద్యా విధానాన్ని రాష్ట్రమంతటా అమలు చేస్తామని అందులో మాటిచ్చిన సంగతి మీద ఇక్కడ పెద్దగా చర్చే జరగలేదు.

జాతీయ చట్రం ఉండాలి, ఉంది కూడా. ఏ తరగతికి ఏం రావాలో అది చెబుతుంది. ఆ చట్రంలో ఏ ఊరి కథ పెట్టాలో ఢిల్లీని అడగక్కర్లేదు. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్న, రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీలు ఈ వేసవి సెలవుల్లోనే రాంపూర్, పాలంపూర్‌ల బదులు జడ్చర్ల పక్క ఊరినొకదాన్ని, అమలాపురం పక్క ఊరినొకదాన్ని తీసుకోవచ్చు. అక్కడి సాంఘికశాస్త్రం టీచర్లు నలుగురిని కూర్చోబెట్టి, కౌలు లెక్కలు, వలస లెక్కలు ఆ ఊరివాళ్లనే అడిగి రాయించవచ్చు. ఖర్చు కూడా పెద్దగా కాదు.