గాలి రోజున ముక్కు బరువు పెంచాలా?

(గుంటూరు శివార్లలో పంట తీసేసిన చేను. జూన్ నెల, పడమటి గాలి జోరుగా ఉంది. చేతిలో రిమోట్‌తో ఎగిరే ఫోమ్ విమానం, బరువు కిలో. దాన్ని ఈ గాలికి ఎలా సిద్ధం చేయాలన్నదే తగువు.)

బావమరిది: బావా, బ్యాటరీని ఇంకాస్త ముందుకు జరుపుతున్నా. ముక్కు బరువుగా ఉంటే గాలికి ఎగిరెగిరి పడదు.

బావ: ఇంకా ఎక్కువ పడుతుందిరా. ముక్కు బరువైతే కిందికి దిగిపోకుండా తోక మీది ఎలివేటర్ పలకని పైకి ట్రిమ్ చేస్తావు, అంటే కాస్త పైకి వంచి ఉంచుతావు కదా? ఎదురుగాలి ఒక్కసారి విసిరిందంటే ఆ ఎలివేటర్ తోకను ఇంకా గట్టిగా నొక్కుతుంది, ముక్కు ఆకాశానికి లేస్తుంది. గాలి తగ్గగానే వేగం చచ్చి కూలబడుతుంది.

బావమరిది: తోక బరువైతే అసలు చేతికే దక్కదు. నేర్చుకునేవాళ్లకి ముక్కు బరువే మేలని అందరూ చెప్పేది ఊరికేనా?

బావ: తోక బరువు పెట్టమని నేననలేదే! సీజీకి, అంటే విమానం సమతూకంగా నిలిచే చోటుకి, కంపెనీ చెప్పిన హద్దుల్లో ముందు కొస వదిలి మధ్యకి రమ్మంటున్నా. గాలి లేని పొద్దున్నే సగం త్రాటిల్‌లో, అంటే మోటారు సగం జోరులో, తిన్నగా పోయేలా ట్రిమ్ చెయ్యి. మంచి ఎత్తులో ముక్కు కొంచెం దించి రిమోట్ స్టిక్ వదిలెయ్. గబుక్కున పైకి లేస్తే ముక్కు బరువు ఎక్కువ. ఇంకా నిటారుగా దూకితే తోక బరువు, వెంటనే లాగాలి. నెమ్మదిగా లేస్తే చాలు.

బావమరిది: అంత తంటా ఎందుకు, ఊగితే దానంతటదే సరిచేసే జైరో ఉందిగా?

బావ: జైరో కదిపేదీ ఆ ఎలివేటర్‌నీ, రెక్కల చివర కదిలే ఐలెరాన్లనే. వేగం లేకపోతే వాటికి గాలి ఏం అందుతుంది? సీజీ దగ్గరే 200 గ్రాములు పెట్టు, గాలిని చీల్చుకుంటూ పోతుంది.

బావమరిది: బరువు 20 శాతం పెరిగితే స్టాల్ వేగం, అంటే గాల్లో నిలబడటానికి కావలసిన కనీస వేగం, దాదాపు 10 శాతం పెరుగుతుంది. నేలకి గుద్దుకునే శక్తి 44 శాతం ఎక్కువ. ఫోమ్ ముక్కలు ఏరుకోవడమే!

బావ: అది గాలి లేని రోజు లెక్క. స్టాల్ వేగం గంటకి 30 కిలోమీటర్లు, ఎదురుగాలి 20 అనుకో. నేల మీద వేగం 10. బరువెక్కాక 13.

బావమరిది: అయినా శక్తి రెట్టింపైంది కదా!

బావ: అయింది. కానీ గాలి లేని రోజు ఖాళీ విమానం 30తో దిగేటప్పటి దెబ్బలో నాలుగో వంతు కూడా లేదు.

(ఎదురుగాలికే దిగితేనే ఈ లెక్క నిలుస్తుంది. గాలి వాటున దిగితే 53. ఇక్కడ కుర్రవాడి భయం సబబే.)

బావమరిది: నేల దగ్గర గాలి మందగిస్తుంది, అప్పుడు?

బావ: అందుకే చక్రాలు తగిలేదాకా త్రాటిల్ పూర్తిగా దించకు.

బావమరిది: సీజీకి ఒప్పుకుంటా. 200 గ్రాములకి మాత్రం ఒప్పుకోను. వందతో మొదలుపెడదాం.

బావ: సరే, వందే పెట్టు, కదలకుండా టేపు వెయ్యి. జైరో గెయిన్, అంటే అది దిద్దే జోరు, కూడా తగ్గించు, వేగం పెరిగితే రెక్కలు వణుకుతాయి.