ఆర్‌సీఎం వాళ్ల బాప్తిస్మం చెల్లదా? ఆ ఫార్వర్డ్‌లో ఉన్నదెంత, లేనిదెంత

తిరుపతి, చిత్తూరు చర్చి గ్రూపుల్లో ఈ మెసేజ్ చాన్నాళ్లుగా తిరుగుతోంది. కేథలిక్ ఇంటికీ ప్రొటెస్టెంట్ ఇంటికీ మధ్య పెళ్లిమాటలు మొదలైతే చాలు, ఎవరో ఒకరు దాన్ని మళ్లీ బయటికి తీస్తారు. అందులో ఉన్నది ఇది (ఆర్‌సీఎం అంటే రోమన్ కేథలిక్కులు, జ్ఞానస్నానం అంటే వాళ్లు బాప్తిస్మానికి వాడే మాట):

"ఆర్‌సీఎం వాళ్లు మంచి పనులు చేసి మోక్షం సంపాదించాలంటారు, ప్రొటెస్టెంట్లు విశ్వాసమే చాలంటారు. పసిపిల్లలకు నీళ్లు చిలకరించడం కాన్‌స్టాంటైన్ చక్రవర్తి పెట్టిన ఆచారం. ప్రొటెస్టెంట్లందరూ పెద్దయ్యాకే, ముంచే ఇస్తారు, అదీ ఒక గుర్తుగానే. జ్ఞానస్నానం లేకుండా చనిపోయిన బిడ్డ నరకానికి పోతుందని ఆర్‌సీఎం బోధ. ఇటువాళ్లు అటు వెళ్లినా, అటువాళ్లు ఇటు వచ్చినా మళ్లీ బాప్తిస్మం తీసుకోవాల్సిందే."

కింద 'ఆమెన్ అని పది గ్రూపులకు పంపండి' అని ఉంటుంది, అది మామూలే. కేథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ తేడాల్లేవని నేననను. ఉన్నాయి, పెద్దవే. కానీ ఈ మెసేజ్ గీత గీసిన చోట లేవు.

ముందు మూడో మాట, ప్రొటెస్టెంట్లందరూ పెద్దయ్యాకే ముంచి ఇస్తారన్నదాని సంగతి చూద్దాం. తిరుపతిలో ఉంటూ దీన్ని నమ్మేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి కేంద్రం ఉన్నది ఈ ఊళ్లోనే. 19వ శతాబ్దంలో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషనరీలు వేసిన పునాది అది. నేను ఆ సంఘంలో పుట్టినవాణ్ణే. మా ఇంట్లో అందరికీ చంటిబిడ్డలప్పుడే బాప్తిస్మం అయింది, అయ్యగారు (పాస్టరు) తలమీద నీళ్లు పోసే ఇచ్చారు. చిత్తూరు వైపు పనిచేసిన ఆర్కాటు మిషన్ అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చిది. వాళ్లూ విశ్వాసుల పిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవాళ్లే. ఆ సంఘాలు 1947లో ఏర్పడిన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో కలిశాయి, అక్కడ ఇప్పటికీ అదే పద్ధతి. వీళ్లంతా ప్రొటెస్టెంట్లు కాకుండా పోయారా?

'గుర్తు మాత్రమే' అన్నది కూడా అందరికీ అంటగట్టే మాట కాదు. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో బాప్తిస్మం పాపక్షమాపణ కలిగిస్తుందనీ, మరణం నుంచీ సాతాను నుంచీ విడిపిస్తుందనీ, నమ్మినవాళ్లకు నిత్యరక్షణ ఇస్తుందనీ స్పష్టంగా ఉంది. గుర్తు అని గట్టిగా చెప్పినవాడు స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ నగరపు ప్రొటెస్టెంట్ నాయకుడు జ్వింగ్లీ. ఆయన కూడా పసిపిల్లల బాప్తిస్మాన్ని వదల్లేదు. వదిలింది ఆయన శిష్యుల్లోనే కొందరు. 1525 జనవరిలో వాళ్లు పెద్దలకు మళ్లీ బాప్తిస్మం ఇవ్వడం మొదలుపెట్టారు. రెండేళ్లకు, 1527లో, వాళ్లలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను జ్యూరిక్ నగరసభ నదిలో ముంచి చంపించింది. చంపించింది పోపు కాదు, ప్రొటెస్టెంట్ నగరమే.

పెద్దయ్యాకే, ముంచే ఇవ్వాలనే సంఘాలు మనకూ దగ్గర్లోనే ఉన్నాయి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన కథ బాప్టిస్టులందరికీ తెలిసిందే. బాప్టిస్టుల లెక్కలో రక్షణ ముందే జరిగిపోతుంది, బాప్తిస్మం దానికి సాక్ష్యం, విధేయత. అదే ముంచే పద్ధతి పాటించే క్రీస్తు సంఘం వాళ్లనడగండి. పాపక్షమాపణ కోసమే బాప్తిస్మం అని అపొస్తలుల కార్యములు 2:38 చూపిస్తారు. అంటే బాప్తిస్మం విషయంలో గీత కేథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య లేదు, ప్రొటెస్టెంట్ల నడిమధ్య నుంచే పోతోంది. ఈ ఒక్క విషయంలో నేను బాప్టిస్టు కంటే కేథలిక్‌కే దగ్గర.

కాన్‌స్టాంటైన్ మాటకు ఎక్కువ సేపు అక్కర్లేదు. ఆయన క్రైస్తవులకు స్వేచ్ఛ ఇచ్చింది 313లో. అంతకు వందేళ్ల ముందే, 200 ప్రాంతంలో, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత పిల్లల బాప్తిస్మం వాయిదా వేయడం మంచిదని రాశాడు. లేని ఆచారాన్ని వాయిదా వేయమని ఎవరైనా అంటారా? 250ల్లో అదే ఊరి బిషప్ సిప్రియన్, మరో 66 మంది బిషప్పులు కలిసి, పుట్టిన బిడ్డకు ఎనిమిదో రోజు దాకా కూడా ఆగక్కర్లేదని తేల్చారు. ఇక కాన్‌స్టాంటైన్ తాను బాప్తిస్మం తీసుకున్నది 337లో, చావు మంచం మీద. అయితే కొత్త నిబంధనలో 'ఫలానా పసిబిడ్డకు ఇచ్చారు' అని ఎక్కడా సూటిగా లేదు. ఇంటివారందరూ పొందారని ఉంది, ఆ ఇంట్లో చంటిపిల్లలున్నారో లేదో లేదు. బాప్టిస్టులు అక్కడ పట్టుబడితే అది న్యాయమైన వాదన. చక్రవర్తిని తీసుకురావడం న్యాయం కాదు.

చిలకరించడం అంటారా, కేథలిక్కులు మామూలుగా చేసేది మూడుసార్లు నీళ్లు పోయడం. ముంచడమూ వాళ్లకు సమ్మతమే.

ఇప్పుడు అసలైనది, క్రియల మాట. ట్రెంట్‌లో జరిగిన కేథలిక్ బిషప్పుల మహాసభ 1547 జనవరిలో ఇచ్చిన తీర్మానంలో మొదటి నిబంధనే ఏమంటుందంటే, క్రీస్తు ద్వారా వచ్చే దేవుని కృప లేకుండా మనిషి తన సొంత క్రియలతో నీతిమంతుడు కాగలడని ఎవరైనా అంటే వాళ్లు శాపగ్రస్తులు. ఇది లూథర్‌కు ఎదురు నిలిచిన సభ మాట! 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కేథలిక్ చర్చి, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాదు, కృప వల్లే, క్రీస్తు కార్యం మీద విశ్వాసంతో దేవుడు మనల్ని అంగీకరిస్తాడని అందులో ఉంది. తిరుపతి లూథరన్ సంఘం ఆ ఫెడరేషన్‌లో సభ్యురాలే. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాల సమాఖ్య కూడా అందులో చేరారు. అమెరికాలోని మిస్సోరీ సినడ్ లాంటి లూథరన్లు మాత్రం ఒప్పుకోలేదు.

మరి మిగిలిన తేడా ఏమిటి? మా వాళ్ల ప్రకారం దేవుడు క్రీస్తు నీతిని మన లెక్కలో వేసి నీతిమంతుడని ప్రకటిస్తాడు, బతుకు మారడం దాని వెంట వస్తుంది. కేథలిక్కులకు ఆ లోపలి మార్పు కూడా నీతిమంతుడు కావడంలో భాగమే. అది జ్ఞానస్నానంతో మొదలవుతుంది, వరప్రసాదంతో (దేవుని కృపతో) పెరుగుతుంది, చావైన పాపంతో, అంటే తెలిసి చేసిన ఘోర పాపంతో పోతుంది, పాపసంకీర్తనంతో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడంతో మళ్లీ వస్తుంది. ఆ వరప్రసాదంలో ఉండి చేసే పనులకు దేవుని దగ్గర ప్రతిఫలం ఉందంటారు. ఆ మాట మా గొంతు దిగదు. అందుకే ఇంటి గుమ్మం దగ్గర నిలబడి "రక్షణ పొందారా బ్రదర్?" అని ఎవరైనా అడిగితే కేథలిక్ తడబడతాడు. "చిన్నప్పుడే జ్ఞానస్నానం అయిందన్నా" అంటాడు. అడిగినవాడికి అది జవాబులా అనిపించదు. పాపం, ఇద్దరూ నిజమే మాట్లాడుతుంటారు. ఒకాయన అడిగేది అయిపోయిన ఒక రోజు గురించి, ఇంకొకాయన చెప్పేది మొదలై ఇంకా నడుస్తున్నదాని గురించి.

బిడ్డ నరకం మాటకు పాత మూలం లేకపోలేదు. తొలి శతాబ్దాల బిషప్, పండితుడు అగస్టీన్ కఠినంగానే రాశాడు. తర్వాత లింబో అనే ఊహ వచ్చింది, అంటే అలాంటి బిడ్డలు పరలోకమూ నరకమూ కాని చోట ఉంటారని, దాన్నెప్పుడూ విశ్వాస సత్యంగా ప్రకటించలేదు. 1992 నాటి కేథలిక్ సత్యోపదేశం (అధికారిక బోధనా గ్రంథం) అలాంటి బిడ్డల్ని దేవుని కరుణకు అప్పగిస్తుంది. దేవుడు రక్షణను జ్ఞానస్నానానికి ముడిపెట్టాడు కానీ తాను దానికి కట్టుబడి లేడని కూడా అక్కడే ఉంది. బాప్తిస్మం లేకుండానే యేసు పరదైసు మాట ఇచ్చిన సిలువ మీది దొంగను చూపించి కేథలిక్‌ను ఇరికించాలనుకునేవాళ్లు ఈ మాట చదవాలి.

చివరిది, 'మళ్లీ తీసుకోవాల్సిందే'. దీనివల్ల మా బంధువుల ఇంట్లో ఒక పెళ్లి ఆగేంత పనైంది. అబ్బాయిది చిత్తూరు, ఆర్‌సీఎం. అమ్మాయి మా లూథరన్. పెదనాన్న ఈ మెసేజ్ చూపించి "మన పిల్లకు మళ్లీ నీళ్లు పోస్తారంట" అని టెన్షన్ పెట్టేశాడు. ఫాదర్‌గారి ఆఫీసుకు నేనూ వెళ్లాను. ఆయన అడిగింది అమ్మాయి బాప్తిస్మం సర్టిఫికెట్. నీళ్లతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో ఇచ్చారా అని చూసి ఫైల్లో పెట్టుకున్నారు. బాప్తిస్మమే లేని మనిషితో పెళ్లికైతే బిషప్ మినహాయింపు కావాలి, ఈమెకు అనుమతి చాలన్నారు. మళ్లీ బాప్తిస్మం అన్న ఊసే రాలేదు. రాదు కూడా, ఒకసారి సరిగ్గా ఇచ్చినదాన్ని తిరిగి ఇవ్వకూడదన్నది వాళ్ల చట్టం. 'యేసు నామంలో మాత్రమే' అని ఇచ్చినదాన్ని మాత్రం వాళ్లు ఒప్పుకోరు.

మళ్లీ ముంచేది ఎక్కువగా బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలు. వాళ్ల దృష్టిలో అది రెండోసారి కాదు, మొదటిది బాప్తిస్మమే కాదు. ఒప్పుకోకపోయినా అర్థం చేసుకోదగ్గ మాటే.

సర్టిఫికెట్ పోయిందని పెళ్లిళ్లలో కంగారుపడేవాళ్లకు ఒక సంగతి: కేథలిక్ చట్టం ప్రకారం, ఎవరి హక్కుకూ భంగం లేనప్పుడు, నమ్మదగిన సాక్షి ఒక్కరు చెప్పినా చాలు. పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నవాళ్లయితే వాళ్ల ప్రమాణమే సరిపోతుంది.