అభ్యంతరాల పట్టికలో నా గడి లేదు

నాకు ఒక పుస్తకం నచ్చలేదు. ఈ మాత్రం దానికి ఇంత వ్యాసమా అని మీరు అడగవచ్చు. అమెరికాలో ఉంటూ, బడికి వెళ్లే పిల్ల ఉన్న తండ్రి ఈ రోజుల్లో ‘ఫలానా పుస్తకం నాకు నచ్చలేదు’ అనడం ఎంత ప్రమాదమో తెలిస్తే అడగరు. ఆ మాట నోటి నుంచి జారిన మరుక్షణం ఇద్దరు మనుషులు చేతులు చాచి పరుగెత్తుకొస్తారు. ఒకరు కావలించుకోవడానికి, మరొకరు కొట్టడానికి. ఎందుకు నచ్చలేదని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగరు.

పుస్తకం పేరు ‘క్రాంక్’. రాసినావిడ ఎలెన్ హాప్కిన్స్, వచ్చింది 2004లో. క్రిస్టీనా అనే బుద్ధిమంతురాలు తండ్రిని చూడటానికి అల్బుకర్కీ వెళ్లి, అక్కడ మెథ్ అనే మత్తుమందు మరిగి, ‘బ్రీ’ అనే మరో మనిషిగా మారిపోయే కథ. ఆ మత్తుకు వీధిలో ఉన్న మారుపేరే క్రాంక్. తన సొంత కూతురి కథే దీనికి ఆధారమని రచయిత్రి దాచకుండా చెప్పింది. తరువాత ‘గ్లాస్’, ‘ఫాలౌట్’ అని మరో రెండు భాగాలు వచ్చాయి. ఇరవై ఏళ్లుగా ఇక్కడి పదిహేనేళ్ల పిల్లలు దీన్ని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చదువుతున్నారు. మా అమ్మాయి కూడా చదివింది. అయిదు వందల పైచిలుకు పేజీల పుస్తకాన్ని ఒక ఆదివారం భోజనానికీ సాయంత్రం టీకీ మధ్య ముగించి, "నాన్నా, ఇక నీ వంతు" అని నా ఒళ్లో పడేసింది.

ఒక్క పూటలో అయిదు వందల పేజీలు! నేను పొంగిపోయాను. ఆ రాత్రే ఇండియాకు ఫోను చేసి మా అన్నయ్యకు కూడా చెప్పాను. తరువాత పుస్తకం తెరిచాను. కొన్ని పేజీల్లో ఉన్న మాటలకన్నా మా అమ్మ రాసి ఇచ్చే కిరాణా చీటీలో ఎక్కువ మాటలు ఉండేవి. మిగిలినదంతా తెలుపు. నాణ్యమైన తెలుపే, కాదనను. అన్నయ్యకు మళ్లీ ఫోను చేసి మాట వెనక్కి తీసుకోవడానికి మనసొప్పలేదు.

సంగతి ఏమిటంటే ఈ నవల మొత్తం వచన కవితలో ఉంది. నా అభ్యంతరం ఇక్కడే మొదలై ఇక్కడే ముగుస్తుంది. మత్తు గురించి రాసినందుకు కాదు, బూతులు ఉన్నందుకు కాదు, ఆ పిల్లకు జరిగిన ఘోరాన్ని ఉన్నదున్నట్టు చెప్పినందుకు అసలే కాదు. వాక్యాన్ని ఎక్కడ విరవాలన్న నిర్ణయం చాలా పేజీల్లో కవి తీసుకోలేదని, కీబోర్డు మీద ఉన్న ఎంటర్ కీ తీసుకుందని మాత్రమే నా ఫిర్యాదు.

ఉత్తినే అంటున్నానని అనుకోకండి. ఒక వాక్యం రాస్తాను: మా వంటింటి కుళాయి కారుతోంది, ప్లంబరు మంగళవారం వస్తానన్నాడు, రాలేదు. ఇది ఫిర్యాదు. ఇప్పుడు చూడండి.

మా వంటింటి కుళాయి
కారుతోంది.

ప్లంబరు
మంగళవారం
వస్తానన్నాడు.

రాలేదు.

ఇది వేదన. కుళాయి ఇప్పుడు కుళాయి కాదు. ప్లంబరు దేవుడు కావచ్చు, ప్రియుడు కావచ్చు, చిన్నప్పుడే ఇల్లు వదిలి వెళ్లిన తండ్రి కూడా కావచ్చు. ఆ చివరి ‘రాలేదు’ దగ్గర మీ గొంతులో ఏదైనా అడ్డుపడి ఉంటే ఆ ఘనత నాది కాదు. నిజానికి ఆ ప్లంబరు బుధవారం వచ్చాడు, రెండు వందల డాలర్లు తీసుకున్నాడు. ఆ ముక్క కూడా కలిపితే కవిత్వం చెడుతుందని ఆపాను.

అనుమానం తీరక శాస్త్రీయంగా పరీక్షించాను. నవలలోని ఒక పాతిక పేజీలను కూర్చుని టైపు చేసి, విరిగిన పంక్తులన్నిటినీ మళ్లీ అతికించాను. కూలి ఇవ్వని పని. అతికాక చూస్తే చాలా పేజీలు చక్కని, చురుకైన, కాస్త గాభరాగా నడిచే వచనంగా తేలాయి. విరిచినందుకు వచ్చినదీ లేదు, అతికించినందుకు పోయినదీ లేదు, కాగితం ఒక్కటి మిగిలింది. మా తాతగారు ఉండి ఉంటే ఒక్క ముక్కలో తేల్చేసేవారు. సంస్కృతంలో యతి అంటే విరామం, తెలుగులో యతి అంటే అక్షరాల మైత్రి. ఈ నవలలో విరామం కావలసినంత ఉంది, మైత్రే కనబడదు.

అయితే ఒక ఇబ్బంది ఉంది. ఇది కవిత్వమా, విరిచిన వచనమా అని నిలదీసే హక్కు తెలుగువాడిగా నాకు ఏ మేరకు ఉందో తెలియదు. 1939లోనే పఠాభి ‘ఫిడేలు రాగాల డజన్’ అచ్చువేసి, వచన పద్యాలనే దుడ్డుకర్రలతో పద్యాల నడుములు విరగదంతానని ప్రకటించాడు. అప్పుడు నడుము పట్టుకుని మూలిగినవారిలో మా తాతగారు ఉండే ఉంటారు. ఆ తరువాత కుందుర్తి ఆంజనేయులు 1958లో వచన కవిత కోసం ఫ్రీవర్స్ ఫ్రంట్ అనే సంస్థ పెట్టి, కవి ఖండికలతో తృప్తి పడకూడదని, వచన కవితలో కథ చెప్పాలని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడాడు. తాను ‘తెలంగాణ’ కావ్యం రాసి చూపించాడు కూడా. వచన కవితలో కథ! అంటే నేను ఇప్పుడు హ్యూస్టన్ శివారులో కూర్చుని నెత్తి కొట్టుకుంటున్న ప్రక్రియకు మన కుందుర్తి ఎప్పుడో దారి వేసి పెట్టాడు. ఆయన ఉండి ఉంటే నా వైపు నిలబడడు. హాప్కిన్స్‌కు శాలువా కప్పుతాడు.

అలాగని నోరు మూసుకోను. సినారె ‘విశ్వంభర’ కూడా వచన కవితే, పెద్ద కావ్యమే. పైకి చదివితే పంక్తి విరిగిన చోట ఊపిరి మారుతుంది, పంక్తికీ పంక్తికీ మధ్య నడక ఉంటుంది. ఛందస్సును వదిలినవాడికి లయ పట్ల బాధ్యత రెట్టింపు అవుతుంది. జీతం మానేసి వ్యాపారం పెట్టినవాడికి అప్పుల బాధ్యత పెరిగినట్టు. ఈ మాట మా అమ్మాయికి ఎంతో గంభీరంగా చెప్పాను. తను ఫోను తీసి, నేను వాళ్ల అమ్మకు వాట్సాప్‌లో పంపిన సందేశాలు నా కళ్ల ముందు పెట్టింది. ‘పాలు తెచ్చాను’ ఒక పంక్తి. ‘పెరుగు’ ఒక పంక్తి. ‘లేదు’ ఒక పంక్తి. కింద మూడు ఖాళీ పంక్తులు, ఆ కింద ‘ఇంకో కొట్టు చూడనా?’

"ఇదేమో నువ్వు రాస్తే సందేశమా నాన్నా?" అంది. ప్రశ్న పక్కదారి పట్టిందని చెప్పి మంచినీళ్లు తాగడానికి వెళ్లాను.

సరే, ఇదంతా ఇంటి గొడవ. అసలు చిక్కు వీధిలో ఉంది. ఈ దేశంలో ఎలెన్ హాప్కిన్స్ పుస్తకాలు నచ్చనివారికి ఇప్పటికే ఒక పెద్ద సంఘం ఉంది, ఆ సంఘానికి నా అభ్యంతరంతో ఎలాంటి సంబంధమూ లేదు. 2009లో ఓక్లహోమాలోని నార్మన్‌లో ఆవిడ బడికి వచ్చి మాట్లాడవలసి ఉంటే, తల్లిదండ్రుల వైపు నుంచి అభ్యంతరం వచ్చి ఆ కార్యక్రమం రద్దయింది. మరుసటి ఏడు మా పక్కనే ఉన్న హంబుల్‌లో (ఈ ఊరివాళ్లు హకారం మింగేసి ‘అంబుల్’ అంటారు; మింగగలిగినది అదొక్కటే కాబోలు) యువ పాఠకుల సాహిత్యోత్సవానికి ముందు పిలిచి, తరువాత రావద్దన్నారు. ఆవిడకు మద్దతుగా మరికొందరు రచయితలు కూడా మేమూ రామన్నారు, ఉత్సవమే ఆగిపోయింది. 2022-23 విద్యా సంవత్సరంలో బడుల్లో అందరికంటే ఎక్కువగా నిషేధానికి గురైన రచయిత ఆవిడేనని, రచయితల భావస్వేచ్ఛ కోసం పనిచేసే పెన్ అమెరికా సంస్థ లెక్క తేల్చింది. 2024లో యూటా రాష్ట్రం ప్రభుత్వ బడులన్నిటిలోంచీ తీసేయవలసిన 13 పుస్తకాల జాబితా ప్రకటిస్తే, అందులో రెండు ఈవిడవి, ఒకటి కెనడా పంజాబీ అమ్మాయి రూపీ కౌర్ కవితలు. పదమూడింట మూడు పంక్తులు విరిచినవే. ఒక్క క్షణం నా గుండె ఆశతో కొట్టుకుంది. చివరికి ఒక ప్రభుత్వం వచన కవిత మీద దృష్టి పెట్టిందనుకున్నాను. కారణాలు చదివితే అదేమీ కాదు, అన్నీ శృంగారం గొడవలే.

అమెరికా గ్రంథాలయ సంఘం ఏటా వేసే జాబితా కూడా తిరగేశాను. 2010లో ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పది పుస్తకాల్లో ‘క్రాంక్’ది నాలుగో స్థానం. ఏడో స్థానంలో సోన్యా సోన్స్ రాసిన మరో నవల ఉంది, అదీ వచన కవితలోనే. ప్రతి పుస్తకం పక్కనా అభ్యంతరాలు రాసి పెట్టారు. మత్తుమందులు, అసభ్య భాష, లైంగిక ప్రస్తావనలు, హింస, మత దృక్పథం, వయసుకు తగకపోవడం. పై నుంచి కిందికి రెండుసార్లు చదివాను. ‘పంక్తులు నిష్కారణంగా విరిచారు’ అని ఎక్కడా లేదు. కోట్లమంది తల్లిదండ్రులున్న దేశంలో ఒక్కరికైనా చెవి లేకపోయిందా? పాపం, రచయిత్రిని మాత్రం ఏమనగలం! నిషేధాలకు జవాబుగా 2009లో ఆవిడ ‘మేనిఫెస్టో’ అని ఒకటి రాసింది. అదీ కవితే. ఎవరూ పంక్తుల సంగతి ఎత్తలేదు కాబట్టి, వాటితో ఒకరికి బాధ కలుగుతోందని ఆవిడకు ఎలా తెలుస్తుంది?

ఈ పరిస్థితిలో మొన్న గుడిలో ప్రసాదం వరుసలో నిలబడి, మాటల సందర్భంలో ఆ పుస్తకం నాకు నచ్చలేదని అన్నాను. పులిహోర గరిటె ఆగింది. వడ్డిస్తున్నావిడ కళ్లు మెరిశాయి. "అయితే గురువారం స్కూలు బోర్డు సమావేశానికి మీరూ వస్తున్నారుగా అన్నయ్య గారూ! అలాంటి చెత్త పిల్లల చేతుల్లో పెట్టడమా?" అంది. మీరు చదివారా అని అడిగాను. "చదవడం ఎందుకండీ, గ్రూపులో మూడు పేజీల ఫొటోలు వచ్చాయి, చాలవూ?" అని నాకు రెండు గరిటెలు ఎక్కువ వేసింది. ఇంటికి వస్తూ దారిలో మిత్రుడికి ఈ సంగతి చెబితే, "పుస్తకాలు పీకేసేవాళ్ల పక్కన చేరతావా, సిగ్గు లేదూ?" అని కారు దిగేదాకా మాట్లాడలేదు. పంక్తుల గురించి మొదలుపెట్టబోతే రేడియో శబ్దం పెంచాడు.

ఇక్కడ నా వైపు నుంచి ఒకటి ఒప్పుకోవాలి. అతికింపు పరీక్షలో కొన్ని పేజీలు నన్ను ఓడించాయి. వాటిలో మాటలు రెండు నిలువు వరుసలుగా ఉంటాయి. అడ్డంగా చదివితే ఒక కథ, ఒక పక్క మాటలను మాత్రమే నిలువుగా చదివితే లోపల దాచుకున్న మరో మాట. తల్లికి చెప్పేది ఒకటి, తనకు తాను చెప్పుకునేది మరొకటి, రెండూ ఒకే పేజీలో. వాటిని అతికించబోతే ఆ రెండో గొంతు చచ్చిపోయింది. రాత్రి ఒంటిగంటకు కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగుసార్లు చేసి చూశాను. ఒక తల్లి తన కూతురి అబద్ధాలను విని విని, వాటి వెనక ఉన్న మాటను పక్క వరుసలో పట్టుకుందన్నమాట. పక్క గదిలో మా అమ్మాయి నిద్రపోతోంది. తలుపు కింద ఫోను వెలుగు కనిపిస్తోంది, కాబట్టి నిద్రపోతున్నట్టు నటిస్తోంది. కంప్యూటర్ మూసేశాను. అయినా అయిదు వందల పేజీల్లో అలాంటివి ఎన్ని? నా అభ్యంతరం మిగతావాటి మీద అలాగే ఉంది.

గురువారం బోర్డు సమావేశానికి వెళ్లలేదు. నా వాదన లిఖితపూర్వకంగా నమోదు చేద్దామని బడి వారి పునఃపరిశీలన దరఖాస్తు తీసుకున్నాను. పుస్తకం పూర్తిగా చదివారా అన్న ప్రశ్నకు గర్వంగా ‘అవును’ దగ్గర టిక్కు పెట్టాను. ఈ ఏడు ఆ గడిలో పడిన మొదటి టిక్కు అదేనేమో. ఏమి చేయాలని కోరుతున్నారు అన్నచోట మూడు గడులు ఉన్నాయి: తొలగించాలి, పెద్ద తరగతులకే పరిమితం చేయాలి, తల్లిదండ్రుల అనుమతితో ఇవ్వాలి. ‘అక్కడే ఉంచండి, కాని నాకు నచ్చలేదు’ అన్న గడి లేదు. కారణాల గడులు సరిగ్గా ఆ గ్రంథాలయ సంఘం జాబితాలాగే ఉన్నాయి. చిట్టచివర ‘ఇతరములు’ అని ఉంది. దాని ఎదురుగా బొటనవేలంత వెడల్పున్న ఖాళీ.

యతి, మైత్రి, పఠాభి, కుందుర్తి, ఊపిరి, లయ, అన్నీ ఆ బొటనవేలులో ఇమడాలి. చిత్తుప్రతులు చాలా చింపాను. చివరికి ఇమిడింది ఇది:

ఈ పుస్తకం
ఉండనివ్వండి.
నాకు
నచ్చలేదు.

మా అమ్మాయి భుజం మీదుగా వంగి చదివింది. ‘నాకు’ తరువాత ఒక పంక్తి ఖాళీ వదిలితే ఇంకా బాగుంటుందని సలహా ఇచ్చింది. వదిలాను.