పార పట్టిన చేతులకు చేయూత

నాలుగు నెలల వానలకు నానిన కొండబాటను దసరా వెళ్లాక ఒకసారి చూడండి. వేసవిలో సైకిలు చక్రం పోయినంత మేర సన్నని చార మాత్రమే ఉన్న చోట ఇప్పుడు మోకాలి లోతు గాడి కనిపిస్తుంది. తొలకరికి ఆ చారలోకి నీరు చేరుతుంది. రెండో వానకు మట్టి కదులుతుంది. శ్రావణం దాటేసరికి అది పిల్లవాగు. అడుగున గులకరాళ్లు తేలతాయి, పక్కనున్న చెట్ల వేళ్లు బయటపడతాయి. నడిచేవారు గాడిని తప్పించుకుని గడ్డిమీద అడుగు వేస్తారు, సైకిళ్లూ అటే తిరుగుతాయి. మరుసటి ఏడాదికి అక్కడా ఇంకో గాడి. ఒడిశాలోని గజపతి జిల్లా నుంచి రాయగడ మీదుగా కొరాపుట్ దాకా తూర్పు కనుమల ఎర్రమట్టి బాటలు ఏటేటా ఇలాగే కోసుకుపోతున్నాయి.

వాటిని బాగుచేయడానికి ఎవరూ చెప్పకుండానే పార పట్టినవారు కొందరున్నారు. గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడికి ఎగువన ఒక జీడితోట అంచున ఈ మధ్య ఒక ఆదివారం ఉదయం మా విలేకరి వారిని కలిశారు. ఎనిమిది మంది. ఒక బడి పంతులు, సైకిళ్లు బాగుచేసే దుకాణదారు, కళాశాల కుర్రాళ్లు నలుగురు, కొండమీది సవర గిరిజనుల గూడెం నుంచి దిగివచ్చిన ఇద్దరు. వారిదగ్గర ఉన్నవి రెండు గడ్డపారలు, మూడు పారలు, రెండు తట్టలు. అందులో ఒక పార తాపీమేస్త్రీని అడిగి తెచ్చినది. గూడెం నుంచి వచ్చినవారిలో పెద్దాయన సీసాలో నీళ్లు బాటమీద వంపి, వంగి చూశారు. నీరు బాటవెంటే కిందికి పరుగెత్తింది. బయటి అంచున పేరుకున్న మట్టిగట్టును నాలుగు వేళ్ల మందాన చెక్కించి మళ్లీ నీళ్లు వంపారు. ఈసారి నీరు అడ్డంగా బాట దాటి పొదల్లోకి జారింది. ఆయన తలాడించి ముందుకు నడిచారు. అలా నలభై అడుగులు బాగుపడ్డాక అరువు తెచ్చిన పార కర్ర విరిగింది. ఇంకో పార మొన మొద్దుబారి ఉంది. మధ్యాహ్నానికి పని నిలిచిపోయింది.

ఎనిమిది మంది మనుషులు, వారి సెలవురోజు, వారి ఒంటి సత్తువ, ఆ పెద్దాయన కంటికున్న నేర్పు, ఇవన్నీ ఉచితంగా దొరికాయి. దొరకనిది ఒక పార కర్ర. ఇలాంటి బృందాలకు ఇవ్వాల్సిన చిన్న గ్రాంట్ల గురించి మేము ఇక్కడ చెప్పదలచినదంతా ఆ కర్ర చుట్టూనే ఉంది.

కొండబాట వేయడం, నిలబెట్టడం ఒక విద్య. తేలిగ్గా కనిపిస్తుంది గానీ కాదు. నీరు కొండ దిగుతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. అది బాటవెంట పోకుండా, బాటకు అడ్డంగా దాటిపోయేలా చూడటమే పనంతా. అందుకే మీటరు వెడల్పు బాటకు బయటి అంచును అయిదు సెంటీమీటర్లు పల్లంగా ఉంచుతారు. కొండవాలు నూరడుగులకు ఇరవై అడుగులు లేస్తుంటే, దాని పక్కగా వేసే బాట పది అడుగులకు మించి లేవకూడదంటారు. వాలులో సగం దాటితే నీరు ఆ బాటనే తన దారి చేసుకుంటుంది. ఎక్కుతున్న బాట అక్కడక్కడ కాస్త దిగి మళ్లీ లేవాలి. ఆ దిగిన చోట నీరు బయటికి జారిపోతుంది. తిన్నగా పైకెక్కే బాటకు ఆయుష్షు తక్కువ. ఇవి తెలియక కంకర పోసినా, సిమెంటు పరిచినా కొన్నాళ్లకే అడుగు కోసుకుపోయి పైపెచ్చు వేలాడుతుంది. మన కొండ పంచాయతీల్లో అలాంటి సిమెంటు పెచ్చులు చూడనివారెవరు?

ఈ విద్యను పోగుచేసి చెప్పినవారిలో కొండసైకిలు (మౌంటెన్ బైక్) నడిపేవారూ ఉండటం గమనించదగినది. కాలిఫోర్నియాలోని టామల్‌పైస్ కొండ పరిసరాల్లో కొందరు మిత్రులు పాత సైకిళ్లకు లావు టైర్లు బిగించి 1976లో పందేలు మొదలుపెట్టారు. ఆట పాకింది. ఎనభైల నాటికి అడవి బాటలను సైకిళ్లు పాడుచేస్తున్నాయన్న ఫిర్యాదులు వచ్చి, చాలాచోట్ల వాటికి దారులు మూసేశారు. సైకిలు సంఘాలు ఆ ఫిర్యాదును వినీ విననట్టు ఊరుకోలేదు. 1988లో ‘ఇంబా’ పేరుతో అంతర్జాతీయ సంఘంగా ఏర్పడి, తొక్కేవారూ బాట బాగుచేయాలని చాటాయి. 1997 నుంచి ఇద్దరేసి శిక్షకులు ఊరూరా తిరిగి స్వచ్ఛంద కార్యకర్తలకు పార ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో నేర్పారు. అట్లాంటాలో 1996 ఒలింపిక్స్ నాటికే మౌంటెన్ బైకింగ్ పతకాల క్రీడ అయింది. కానీ ఆ ఆటకు ఊళ్లలో వేళ్లూనించింది పతకాలకంటే ఆదివారపు పారపనే అని మా అభిప్రాయం.

ఆ పనికి డబ్బు ఎలా వచ్చిందో కూడా చూడాలి. అమెరికాలో 1991 నాటి చట్టంతో బాటల కోసం ఒక నిధి ఏర్పడింది. రోడ్డు విడిచి మట్టిదారుల్లో తిరిగే మోటారు వాహనాలు కాల్చే ఇంధనం మీద వసూలైన పన్నును దానికి ఆధారం చేశారు. సాధారణంగా ఖర్చులో ఎనభై శాతం దాకా ఆ నిధి భరిస్తుంది, మిగిలిన ఇరవై శాతం స్థానికులు చూపాలి. ఆ ఇరవైని నగదుగానే తేవాలని లేదు. కార్యకర్తలు చేసిన పని గంటలకు విలువ కట్టి, దానంగా వచ్చిన రాయికి, కలపకు విలువ కట్టి చూపవచ్చు. దీనితోపాటు సైకిలు పరిశ్రమవారి సంస్థలు పదివేల డాలర్లకు మించని చిన్న గ్రాంట్లు ఊళ్లలోని సంఘాలకు ఇస్తూ వచ్చాయి. అక్కడి లెక్కలో అది పెద్ద మొత్తం కాదు. కానీ ఒక చిన్న గ్రాంటు చేతికొస్తే పనిముట్లు వస్తాయి, పనిముట్లుంటే మనుషులు వస్తారు, మనుషులు వచ్చిన గంటలు తరవాతి గ్రాంటుకు వాటాధనం అవుతాయి.

శ్రమకు విలువ కట్టడం మన ప్రభుత్వాలకు తెలియనిదేమీ కాదు. ఇంటింటికీ కుళాయి నీరిచ్చేందుకు 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో ఊరిలోపలి పనుల ఖర్చులో గ్రామస్థుల వాటాను కొండ, అటవీ ప్రాంతాలకు, దళిత గిరిజనులు ఎక్కువగా ఉన్న గ్రామాలకు అయిదు శాతంగా, మిగిలినచోట్ల పది శాతంగా పెట్టారు. దాన్ని నగదుగా గానీ, వస్తువుగా గానీ, శ్రమగా గానీ ఇవ్వవచ్చన్నారు. కుళాయి గొట్టానికి వర్తించిన సూత్రం కొండబాటకు ఎందుకు వర్తించదు?

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులూ ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం ఖర్చు చేయాలి. ఏయే పనులకు ఖర్చు చేయవచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో గ్రామీణ క్రీడలకు, ఒలింపిక్ క్రీడలకు శిక్షణ ఉంది, పర్యావరణ పరిరక్షణ ఉంది, గ్రామీణాభివృద్ధి ఉంది. రాయగడలో కాగితపు మిల్లు, ఫెర్రో మిశ్రమ లోహాల కర్మాగారం ఉన్నాయి. కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో అల్యూమినా కర్మాగారం ఉంది. డబ్బు లేక ఆగిన పని కాదిది. డబ్బుకూ పార పట్టిన మనిషికీ మధ్య ఉన్న కాగితాలు దాన్ని ఆపుతున్నాయి. సీఎస్ఆర్ పనులు చేపట్టే సంస్థకు కేంద్రం దగ్గర నమోదు సంఖ్య ఉండాలి, ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు ఉండాలి, మూడేళ్ల పని అనుభవం చూపాలి. పెద్ద మొత్తాలు చేతులు మారేచోట ఈ జాగ్రత్త అవసరమే, కాదనం. కానీ ఆదివారం పూట కలిసే ఎనిమిది మందికి ఆడిటరెక్కడ? పైన చెప్పిన బృందం ఒక కార్యాలయానికి వెళ్లి ఇరవై వేల రూపాయల పనిముట్లు అడిగితే, మూడేళ్ల ఆడిట్ లెక్కలు తెమ్మన్నారట. వారు వచ్చిన దారినే వెనుదిరిగారు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని సూటిగా ఎదుర్కోవాలి. గేర్ల సైకిలు కొనగలిగిన పట్నం పిల్లల సరదాకు గిరిజనుల కొండలు కావాలా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ఒడిశా ప్రభుత్వం ప్రకటించింది. అలాంటి చోట ఒక పొద నరికినా మేము సమర్థించం. కొత్తగా అడవి కోసి బాటలు వేయమని మేము అడగడం లేదు. అటవీ హక్కుల చట్టం గ్రామసభ సిఫారసు మీద అటవీ భూమిలో అనుమతించిన పదమూడు సౌకర్యాల జాబితాలో రోడ్లున్నాయి గానీ ఆటబాటల మాట లేదు. మేము అడిగేది ఉన్న బాటల గురించే. ఆ బాటలమీదే గూడెం ఆడవారు చింతపండు, అడ్డాకులు, పసుపు తలకెత్తుకుని సంతకు దిగుతారు. పిల్లలు బడికి వస్తారు. డోలీ మీద గర్భిణిని మోసుకొచ్చే దారీ అదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లా కొండచరియలు ప్రాణాలు తీసిన సంగతి ఈ ప్రాంతం మరిచిపోలేదు. నీటికి సరైన దారి చూపిన బాట సైకిలుకెంత మేలో తలమీద మూటకూ అంతే మేలు. సైకిలు మీద వచ్చేవాడు నడిచేవారికి ఆగి దారి ఇవ్వాలి. మౌంటెన్ బైకింగ్ మర్యాదల్లో అది ముందువరసలోది, మన కొండల్లో మూట మోసేవారి విషయంలో దాన్ని తు.చ. తప్పక పాటించాలి.

పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే గిడుగు రామమూర్తి సవరల దగ్గర వారి భాష నేర్చుకున్నారు, ఆపైన వారి పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించారు. ముందు నేర్చుకోవడం, తరవాత నేర్పడం. సీసాతో నీళ్లు వంపి చూసిన ఆ పెద్దాయన ముందు కూడా పట్నం కుర్రాళ్లు అలాగే నిలబడ్డారని విన్నప్పుడు మాకు ఆనందం కలిగింది. ఆ కొండ వంపులకు సవర పేర్లున్నాయి. పలకలు పెడితే ఆ పేర్లే పెట్టాలి, సవరలోనూ ఒడియాలోనూ తెలుగులోనూ రాయాలి.

ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. స్వచ్ఛంద శ్రమ అందరికీ ఒకేలా సాధ్యం కాదు. పంతులుగారి ఆదివారం సెలవు. కూలి మనిషి ఆదివారం ఒక రోజు కూలి. గూడెం నుంచి వచ్చినవారిని కూడా శ్రమదానం పేరుతో ఉత్తచేతులతో పంపడం తప్పు. గ్రాంటులో మొదటి పద్దు వారి కూలి కావాలి, రెండోది పనిముట్లు, మూడోది మధ్యాహ్న భోజనం, నాలుగోది మందుల పెట్టె. ఫ్లెక్సీలకు, ప్రారంభోత్సవాలకు పైసా ఇవ్వనక్కరలేదు.

మా సూచన ఇది. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఒక్కోచోట కలెక్టరు పర్యవేక్షణలో చిన్న బాటల నిధి పెట్టాలి. జిల్లాలోని కంపెనీలు తమ బాధ్యత నిధిలో కొంత అందులో వేయవచ్చు. నమోదు, ఆడిట్ భారమంతా నిధి నడిపే సంస్థే మోయాలి. పాతిక వేల నుంచి లక్ష రూపాయల దాకా ఒక్కో బృందానికి ఇవ్వాలి. దరఖాస్తు ఒక పేజీ చాలు, తెలుగులో రాసినా తీసుకోవాలి. ఊరివారంతా కూర్చునే పల్లిసభ తీర్మానం లేని దరఖాస్తును మాత్రం ముట్టుకోకూడదు. అడవి అయితే అటవీ శాఖ రాతపూర్వక అంగీకారం ఉండాలి. పని ముందు, పని తరవాత అదే చోట తీసిన ఫొటోలు, పనిచేసినవారి సంతకాలో వేలిముద్రలో ఉన్న హాజరు పుస్తకం, కొనుగోలు రసీదులు లెక్కగా సరిపోవాలి. మంజూరైన దానిలో మూడో వంతు రెండో, మూడో ఏడాది మరమ్మతుకు విడిగా ఉంచాలి. బాట వేసేందుకు ఇచ్చి దాన్ని చూసుకునేందుకు ఇవ్వకపోతే, మొదట ఇచ్చింది కూడా మూడో వానాకాలానికి గెడ్డలో కలుస్తుంది.

ఇచ్చే వేళ కూడా ముఖ్యమే. మన కార్యాలయాల్లో నిధులు మార్చి నెలాఖరున హడావుడిగా విడుదలవుతాయి. అప్పటికి ఈ ఎర్రమట్టి ఎండి రాయిలా బిగుసుకుంటుంది, గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేస్తాయి. బాట పనికి అనువైన కాలం వానలు తగ్గి నేలలో ఇంకా పదును ఉన్న ఆశ్వయుజ, కార్తిక మాసాలు. అందుకే సెప్టెంబరు ముగిసేలోపు గ్రాంటు బృందాల చేతికి చేరాలి. జీడితోట అంచున ఆగిన ఆ పని నలభై అడుగుల దగ్గరే ఉంది. దాని పైన గూడెం దాకా ఇంకా రెండు కిలోమీటర్ల బాట ఉంది.